డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు చప్పుడు చేయని ఫ్యాన్‌ను ఎంచుకొని బిగించుకోవడం ఎలా?

"కొత్త ఫ్యాన్ వేయించాను, అయినా మోత తగ్గలేదు" అనే మాటను బరంపురంలో మా డీటీపీ గదికి వచ్చేవాళ్ల నోట నెలకు రెండు మూడుసార్లయినా వింటాను. ఛత్రపూర్ నుంచి, పర్లాకిమిడి నుంచి, సరిహద్దుకు అవతల ఇచ్చాపురం నుంచి ఫోన్ చేసేవాళ్లూ అదే అడుగుతారు. వీళ్లలో ఎక్కువమంది దుకాణానికి వెళ్లి "సైలెంట్ ఫ్యాన్ ఇవ్వండి" అని అడిగి, డబ్బా మీద ఆ మాట అచ్చువేసి ఉన్నదాన్ని తెచ్చుకున్నవాళ్లే. కానీ ఫ్యాన్ చప్పుడు దాని పేరును బట్టి రాదు, ప్రధానంగా అది తిరిగే వేగాన్ని బట్టి వస్తుంది. ఎంత మంచి కంపెనీ ఫ్యాన్ అయినా నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే చెవికి తెలుస్తుంది. కాబట్టి మీరు కొనవలసింది నెమ్మదిగా తిరుగుతూనే తగినంత గాలి తోలగలిగే ఫ్యాన్. కొన్న తర్వాత దాన్ని నెమ్మదిగా తిరగనివ్వడం మీరు విడిగా చేయవలసిన పని, చాలామంది వదిలేసేది ఈ పనినే.

కింద చెప్పినదంతా మామూలు టవర్ కేబినెట్ గల డెస్క్‌టాప్‌లకు వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ల సంగతి పూర్తిగా వేరు.

కావలసినవి

స్టార్ స్క్రూడ్రైవర్ (మొనకు అయస్కాంతం ఉన్నదైతే పని సులువు), మిల్లీమీటర్ల గుర్తులున్న స్కేలు, పెయింటు వేసే అంగుళం బ్రష్, ఒక పెన్సిల్, ఫోటోలు తీయడానికి ఫోన్, రెండు మూడు కేబుల్ టైలు, గదిలో వేడి ఎంతో చూపే చిన్న థర్మామీటరు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను హీట్‌సింక్‌తో (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మెతో) సహా తీయవలసి వస్తే, ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్టు, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని గుడ్డ కూడా కావాలి.

కేబినెట్ విప్పే ముందు ప్రతిసారీ కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనుక ఉన్న పవర్ తీగను పూర్తిగా ఊడదీసి, ముందున్న పవర్ బటన్‌ను అయిదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపలి బోర్డును (మదర్‌బోర్డును) ముట్టుకోబోయే ముందు కేబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి.

1. మోత ఎక్కడిదో ముందు పట్టుకోండి

ఈ అడుగును దాటేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. మా గదిలోని యంత్రం మోగుతోందని వెనుక ఫ్యాన్‌ను ఒకసారి కాదు, రెండుసార్లు మార్చాను. చివరకు చూస్తే హార్డ్ డిస్కు అదురుకు కేబినెట్ పక్కతలుపు గుంయ్‌మంటోంది. అరచేత్తో తలుపును నొక్కగానే మోత ఆగిపోయింది. పెళ్లి శుభలేఖలు కోయగా మిగిలిన అట్టముక్కను మడిచి తలుపు సందులో దూర్చాను. ఆ అట్టముక్క నేటికీ అక్కడే ఉంది.

మామూలు డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మీద ఒకటి, కేబినెట్ వెనుక ఒకటి, ముందు ఒకటో రెండో, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) లోపల ఒకటి ఫ్యాన్లు ఉంటాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని మీద కూడా ఉంటాయి. రాత్రి ఊరు సద్దుమణిగాక సీలింగ్ ఫ్యాన్ ఆపేసి (మన దగ్గర ఏప్రిల్ నెలలో ఇది చిన్న త్యాగం కాదు), పక్కతలుపు తీసి, కంప్యూటర్ నడుస్తుండగా వార్తాపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొసను చెవి దగ్గర, మరో కొసను ఒక్కొక్క ఫ్యాన్‌కు జానెడు దూరంలో పెట్టి వినండి. కాగితం రెక్కలకు తగలనివ్వకండి. రెక్కల మధ్యను వేలితో ఆపి చూడమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వేలు జారితే తెగుతుంది, ఫ్యాన్ రెక్కా విరగవచ్చు. ఆ పని చేయకండి.

అలా తేలకపోతే కంప్యూటర్‌ను ఆపి, తీగ ఊడదీసి, ఒక కేబినెట్ ఫ్యాన్ కనెక్టర్ తీసి, మళ్లీ వేసి రెండు నిమిషాలు వినండి. ఇలా ఒక్కొక్కటీ చూడండి. కేబినెట్ ఫ్యాన్ లేకుండా రెండు నిమిషాలు నడిస్తే ఏమీ కాదు. ప్రాసెసర్ ఫ్యాన్‌ను మాత్రం ఎప్పుడూ ఊడదీసి నడపవద్దు. మిగతావన్నీ ఊడదీసినా మోత ఉందంటే అది ప్రాసెసర్ ఫ్యాన్‌దో, ఎస్ఎంపీఎస్‌దో, గ్రాఫిక్స్ కార్డుదో అయి ఉంటుంది.

చప్పుడు తీరు కూడా చాలావరకు కారణం చెబుతుంది. కంప్యూటర్ వేసిన మొదటి నిమిషంలో గరగరమని, వేడెక్కాక తగ్గితే బేరింగ్ అరిగిందని అర్థం. ఆ ఫ్యాన్‌ను మార్చవలసిందే. సమాన వ్యవధితో టకటకమంటే ఏదో తీగ రెక్కకు తగులుతోంది. కేబుల్ టైతో దాన్ని వెనక్కి లాగి కట్టండి, ఖర్చు ఒక్క రూపాయి. హోరుమని గాలి ధ్వని మాత్రమే వస్తుంటే ఫ్యాన్ బాగానే ఉంది కానీ వేగం ఎక్కువ. ఇలాంటప్పుడు కొనేముందు 2, 8 అంకెల కింద రాసినవి చేసి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే గుంయ్‌మంటుంటే అది ఫ్యాన్ కాదు, ఇన్వర్టర్ ఇచ్చే కరెంటుకు ఎస్ఎంపీఎస్ చేసే ధ్వని కావచ్చు. హార్డ్ డిస్కు నుంచి టిక్కుటిక్కుమని వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు మీ ఫైళ్లను మరోచోటికి కాపీ చేసుకోండి.

మోత ఎస్ఎంపీఎస్ లోపలిదని తేలితే దాన్ని విప్పకండి. తీగ ఊడదీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణం తీయగల కరెంటు నిలవ ఉండవచ్చు. ఎస్ఎంపీఎస్‌ను మొత్తంగా మార్చించండి.

2. దుమ్ము దులిపి, మళ్లీ వినండి

గోపాల్‌పూర్ సముద్రం మన ఊరికి సుమారు 15 కిలోమీటర్లే. ఆ గాలిలోని తేమకు దుమ్ము పొడిగా ఉండదు, రెక్కల అంచున జిగురులా పేరుకుంటుంది. దుకాణాల్లో దీనికి అగరువత్తి పొగ కూడా తోడవుతుంది, ఎందుకంటే దేవుడి పటం కింది బల్ల మీదే కంప్యూటర్ పెట్టేవాళ్లు మనలో తక్కువేం కాదు. దుమ్ము రెక్కల మీద సమానంగా పట్టదు కాబట్టి బరువు తప్పి ఫ్యాన్ అదురుతుంది. హీట్‌సింక్ సందులు మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి, బోర్డు ఫ్యాన్‌ను మరింత వేగంగా తిప్పుతుంది.

పొడి బ్రష్‌తో దులపండి. బ్లోయర్ వాడితే పెన్సిల్‌ను రెక్కల మధ్య పెట్టి ఫ్యాన్ తిరగకుండా ఆపండి. గాలి దెబ్బకు ఫ్యాన్ తన హద్దుకు మించిన వేగంతో గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. అలా తిరుగుతుంటే చూడటానికి సరదాగా ఉంటుంది గనుకనే చాలామంది ఈ తప్పు చేస్తారు.

ఫ్యాన్ మధ్యనున్న స్టిక్కర్ తీసి నూనె చుక్క వేయడం గురించి కూడా అడుగుతారు. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌లో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే కొన్ని వారాలు గరగర ఆగవచ్చు. కొత్తది వచ్చేదాకా రోజులు గడపడానికి అది చాలు. కొబ్బరినూనె మాత్రం వేయకండి. చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత దుమ్ముతో కలిసి బంకలా మారుతుంది. ఆ స్థితిలో నా దగ్గరికి వచ్చిన ఫ్యాన్ ఒకటి వేలితో తోస్తే తప్ప కదల్లేదు.

దులిపిన తర్వాత కూడా మోత ఉంటేనే కొనుగోలు గురించి ఆలోచించండి.

3. కొలత తీసుకోండి

కంటి అంచనాతో కొనకండి. వైజాగ్ వెళ్లే చుట్టంతోనో, కొరియర్‌లోనో తెప్పించుకున్న వస్తువును కొలత తప్పిందని తిప్పి పంపడం దాని ఖరీదుకు మించిన శ్రమ. పాత ఫ్యాన్ చట్రాన్ని ఒక అంచు నుంచి ఎదుటి అంచు వరకు కొలవండి. 80, 92, 120, 140 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి అవుతుంది. ఫ్యాన్‌ను బయటికి తీయడం వీలుకాకపోతే పక్కపక్కనున్న రెండు మరరంధ్రాల మధ్యల దూరం కొలవండి: 71.5 మిల్లీమీటర్లుంటే 80 ఫ్యాన్, 82.5 ఉంటే 92, 105 ఉంటే 120, 124.5 ఉంటే 140. రంధ్రాల దూరాన్నే ఫ్యాన్ కొలతగా చెప్పి "105 ఎంఎం ఫ్యాన్" కోసం దుకాణాలన్నీ తిరిగినవాళ్లు నాకు తెలుసు.

మందం మామూలుగా 25 మిల్లీమీటర్లు. సన్నని కేబినెట్లలో 15 మిల్లీమీటర్లది ఉంటుంది. అలాంటి చోట 25 మిల్లీమీటర్లది పట్టదు, బలవంతంగా బిగిస్తే పక్కతలుపు మూసుకోదు.

కేబినెట్‌లో పెద్ద ఫ్యాన్‌కు కూడా రంధ్రాలు ఉన్నాయేమో చూడండి, చాలా కేబినెట్ల ముందుభాగంలో 120కీ 140కీ రెండింటికీ చోటు ఉంటుంది. ఉంటే పెద్దదే తీసుకోండి. పెద్ద ఫ్యాన్ అంతే గాలిని తక్కువ వేగంతో తోలుతుంది. 120 మిల్లీమీటర్ల చదరం వైశాల్యంలో 80 మిల్లీమీటర్ల చదరానికి రెండుంపావు రెట్లు అని గుర్తుంచుకుంటే ఎందుకో తెలుస్తుంది.

4. తీగ కొసన ఎన్ని రంధ్రాలున్నాయో, బోర్డు మీద ఎన్ని పిన్నులున్నాయో చూడండి

ఇక్కడ తప్పితే ఎంత ఖరీదైన ఫ్యాన్ తెచ్చినా మోగుతూనే ఉంటుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్ వేగాన్ని బోర్డు తనంతట తాను నియంత్రిస్తుంది, దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం మారాలంటే బోర్డు దానికిచ్చే వోల్టేజీని తగ్గించాలి. ఇందుకు బయాస్‌లో (కంప్యూటర్ వేయగానే తెరవగలిగే, బోర్డు సొంత అమరికల తెరలో) మార్పు చేయాలి, అన్ని బోర్డులూ ఆ వెసులుబాటు ఇవ్వవు. మూడోరకం ఫ్యాన్ బోర్డుకు తగలదు, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద తెల్లని నాలుగు రంధ్రాల మోలెక్స్ కనెక్టర్‌కు నేరుగా తగులుతుంది. అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, దాన్ని తగ్గించే మార్గం మీకు ఉండదు. రెండు మూడు వందల రూపాయలకు రంగు దీపాలతో దొరికే ఫ్యాన్లలో ఈ రకం చాలా కనిపిస్తుంది. మోలెక్స్‌లో కూడా తీగలు నాలుగే కాబట్టి "నాలుగు పిన్నులదే ఇచ్చాను" అని దుకాణదారు అన్నా అబద్ధం కాదు. మీకు కావలసినది బోర్డుకు తగిలే చిన్న నాలుగు పిన్నుల కనెక్టర్.

మూడు రంధ్రాల కనెక్టర్ నాలుగు పిన్నుల మీద కూడా కూర్చుంటుంది, ఒక పిన్ను ఖాళీగా ఉంటుంది, నష్టం లేదు. ఒకే హెడర్ (బోర్డు మీద ఫ్యాన్ తగిలించే పిన్నుల చోటు) నుంచి రెండు ఫ్యాన్లు నడపాలంటే వై ఆకారపు తీగ దొరుకుతుంది. సాధారణంగా ఒక హెడర్ 1 ఆంపియర్ వరకు ఇస్తుంది. ఫ్యాన్ మీద రాసి ఉన్న ఆంపియర్లను కూడి అంతకు లోపల ఉండేట్లు చూసుకోండి.

కంపెనీయే తయారుచేసి అమ్మిన డెస్క్‌టాప్ అయితే మరొక జాగ్రత్త అవసరం. వాటిలో కొన్నింటికి అయిదు పిన్నులో, మామూలుకన్నా చిన్న కనెక్టరో ఉంటుంది. బయటి ఫ్యాన్ తగిలించినా వేసిన ప్రతిసారీ ఫ్యాన్ పాడైందని హెచ్చరిక చూపి ఆగిపోతాయి. అలాంటి యంత్రానికి పాత ఫ్యాన్ స్టిక్కర్ మీది పార్ట్ నంబర్‌ను ఫోటో తీసి అదే నంబరు తెప్పించుకోవడం మంచిది.

5. డబ్బా మీది అంకెలను చదవండి

మొదట చూడవలసింది ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో. ఒకే అంకె రాసి ఉంటే అది గరిష్ఠ వేగం. 450 నుంచి 2,000 వరకు అన్నట్లు రెండు అంకెలుంటే కిందిది ముఖ్యం, ఎందుకంటే మీరు టైపు చేసుకుంటూ, పద్దులు రాసుకుంటూ గడిపే సమయమంతా ఫ్యాన్ ఆ అంకె దగ్గర్లోనే తిరగాలి. కేబినెట్‌లో వెనుక పెట్టే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు గరిష్ఠం 1,200 నుంచి 1,500 ఉంటే మామూలు పనికి సరిపోతుంది. మే నెలలో గదే 36 డిగ్రీలు ఉండే మన తీరప్రాంతంలో 1,800 వరకు వెళ్లగలిగి మిగతా కాలమంతా 700 దగ్గర తిరిగే పీడబ్ల్యూఎం ఫ్యాన్ నాకు ఇంకా నచ్చుతుంది. కొండమీద చల్లగా ఉండే కోరాపుట్‌లోనైతే అంత అవసరం రాదు.

తర్వాత డెసిబెల్ అంకె. దీన్ని పూర్తిగా నమ్మకండి. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో, ఒక్కో దూరం నుంచి కొలుస్తుంది. ఆర్కిటిక్ లాంటి కంపెనీ డెసిబెల్‌లో కాక సోన్ అనే వేరే కొలతలో రాస్తుంది, దాని డబ్బా మీది 0.3 సోన్‌ను పక్క డబ్బా మీది 22 డెసిబెల్‌లతో పోల్చడం తూకాన్ని మూరలతో పోల్చినట్లే. ఒకే కంపెనీ ఫ్యాన్లను తమలో తాము పోల్చుకోవడానికి మాత్రమే ఈ అంకె పనికివస్తుంది. ఉజ్జాయింపు లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి: ఫ్యాన్ వేగాన్ని అయిదో వంతు తగ్గిస్తే సుమారు 5 డెసిబెల్‌లు, సగానికి తగ్గిస్తే సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితే చెవికి మోత సగమైనట్లు తోస్తుంది.

మూడోది బేరింగ్. స్లీవ్ బేరింగ్ చవక, కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ వేడిలో దాని నూనె ఎండిపోయి గరగర మొదలవుతుంది. పైకప్పుకో నేలకో సమాంతరంగా పడుకోబెట్టి బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. బాల్ బేరింగ్ ఎక్కువ కాలం మన్నుతుంది కానీ నెమ్మదిగా తిరిగేటప్పుడు సన్నని గొణుగుడు వినిపించవచ్చు. మీ అవసరానికి ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని రాసి ఉన్నది తీసుకోండి. "హైడ్రాలిక్", "హైడ్రో" అన్న పేర్లు ఒక్కో కంపెనీ ఒక్కో అర్థంలో వాడుతుంది. వాటిని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

సీఎఫ్ఎం అంటే గాలి పరిమాణం, ఎంఎం హెచ్2ఓ అంటే గాలిని నెట్టే ఒత్తిడి. ఎదురుగా ఏ అడ్డూ లేని వెనుక ఫ్యాన్‌కు మొదటిది చూడండి. హీట్‌సింక్ మీదికో, దుమ్ము జల్లెడ ఉన్న ముందుభాగానికో అయితే రెండోది చూడండి. ఉదాహరణకు ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం ఫ్యాన్ మీద 200 నుంచి 1,800 ఆర్‌పీఎం, 56.3 సీఎఫ్ఎం, 2.2 ఎంఎం హెచ్2ఓ అని ఉంటుంది. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా వారి ఎన్ఎఫ్-ఏ12x25 గరిష్ఠం 2,000 ఆర్‌పీఎం, 22.6 డెసిబెల్‌లు, 0.14 ఆంపియర్లు. రెండోది చాలా ఖరీదు. రికార్డింగ్ గది నడిపేవాళ్లకు తప్ప నేనది ఎవరికీ చెప్పను.

6. దుకాణంలో ఎలా అడగాలి

మన దగ్గర కేబినెట్ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు. కానీ బోర్డు మీద సీపీయూ అంటే ప్రాసెసర్ మాత్రమే. అందువల్ల "సీపీయూ ఫ్యాన్ ఇవ్వన్నా" అని వెనుక ఫ్యాన్ కోసం వెళ్లినవాళ్ల చేతిలో హీట్‌సింక్‌తో కూడిన ప్రాసెసర్ ఫ్యాన్ పెడతారు. తెలుగులో అడిగినా, ఒడియాలో పంఖా అన్నా ఈ పొరపాటు ఒకటే. "కేబినెట్ ఫ్యాన్, 120 ఎంఎం, బోర్డుకు తగిలే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం, రంగుదీపాలు అక్కర్లేదు" అని ఒక్క వాక్యంలో చెప్పండి, పాత ఫ్యాన్ ఫోటో చూపించండి. డబ్బా విప్పించి ఫ్యాన్‌ను చేతిలోకి తీసుకొని, రెక్కను వేలితో మెల్లగా తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. ఎక్కడా గరుకు తగలకూడదు, ఇరుసు అటూ ఇటూ ఊగకూడదు. బిల్లు తీసుకోండి.

ప్రాసెసర్ ఫ్యాన్ అయితే విడిగా ఫ్యాన్ ఒక్కదాన్ని వెతకడం కన్నా హీట్‌సింక్‌తో సహా కొత్త కూలర్ తీసుకోవడమే చాలాసార్లు మేలు. ఇంటెల్ బోర్డుల్లో సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు తప్పక తెలుసుకోండి: 1150, 1151, 1155, 1200 సాకెట్లకు రంధ్రాల దూరం ఒక్కటే, 75 మిల్లీమీటర్లు. పాత 775కు 72, కొత్త 1700కు 78. మూడు మిల్లీమీటర్లే కదా అని సాగదీసి బిగిస్తే బోర్డు వంగుతుంది. ఎత్తైన కూలర్ కొంటే కేబినెట్ వెడల్పు కూడా కొలవండి.

7. బిగించండి

పాత ఫ్యాన్ తీసేముందు దాని తీగ ఏ హెడర్‌కు ఉందో ఫోటో తీసుకోండి. తర్వాత గాలి దిక్కు చూడండి. చాలా ఫ్యాన్ల చట్రం మీద రెండు బాణాలుంటాయి, ఒకటి రెక్కలు తిరిగే దిక్కు, మరొకటి గాలి పోయే దిక్కు. బాణాలు లేకపోతే స్టిక్కరూ, దాన్ని పట్టుకున్న కడ్డీలూ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుందని గుర్తుంచుకోండి. వెనుక ఫ్యాన్ గాలిని కేబినెట్‌లోంచి బయటికి తోలాలి, ముందుది లోపలికి లాగాలి. రెండూ లోపలికి లాగేటట్లు బిగించిన యంత్రాలు తరచుగా నా దగ్గరికి వస్తాయి. వాటిలో వేడిగాలికి సరైన దారి లేక ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో అరుస్తుంటాయి.

నాలుగు మరలనూ సగం సగం ఎక్కించి, ఎదురెదురు మూలలుగా బిగించండి. ఈ మరలు ప్లాస్టిక్‌ను తామే కోసుకుంటూ ఎక్కుతాయి, ఆగిన తర్వాత ఇంకా తిప్పితే చట్రం పగులుతుంది. ఫ్యాన్‌తో రబ్బరు మేకులు వస్తే మరలకు బదులు అవే వాడండి, అదురు కేబినెట్‌కు పాకదు. అవి లేకపోతే సైకిల్ ట్యూబు ముక్కలను రంధ్రం పెట్టి ఫ్యాన్ మూలలకూ కేబినెట్ రేకుకూ మధ్య పెట్టండి.

తీగను రెక్కలకు దూరంగా కట్టాక కనెక్టర్ తగిలించండి. ప్రాసెసర్ ఫ్యాన్ తప్పనిసరిగా సీపీయూ_ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్‌కే వెళ్లాలి, ఆ హెడర్ ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఎర్రర్ చూపి ఆగుతాయి. కేబినెట్ ఫ్యాన్ల హెడర్ల మీద సిస్_ఫ్యాన్ అనో సీహెచ్ఏ_ఫ్యాన్ అనో ఉంటుంది.

హీట్‌సింక్ తీసినట్లయితే పాత పేస్టును పూర్తిగా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత కొత్త పేస్టు పెట్టి, హీట్‌సింక్‌ను తిన్నగా దించండి. పుష్ పిన్నులున్న ఇంటెల్ కూలర్‌ను ఎదురెదురు మూలలుగా టక్కుమనేదాకా నొక్కండి. బోర్డు వెనుక నుంచి నాలుగు పిన్నుల నల్లని మొనలూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో టార్చి వేసి చూడండి. ఒకటి పట్టకపోయినా ప్రాసెసర్ వేడెక్కుతుంది, కొత్త ఫ్యాన్ పాతదానికన్నా ఎక్కువ మోగుతుంది.

8. బయాస్‌లో వేగం తగ్గించండి

కంప్యూటర్ వేయగానే డిలీట్ గాని ఎఫ్2 గాని పదేపదే నొక్కితే బయాస్ తెరుచుకుంటుంది. ఫ్యాన్ అమరిక గిగాబైట్ బోర్డుల్లో స్మార్ట్ ఫ్యాన్ అని, ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్ అని, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది. మొదట మీరు ఫ్యాన్ తగిలించిన హెడర్‌ను ఎంచుకోండి. నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే పీడబ్ల్యూఎం అని, మూడు పిన్నులదైతే డీసీ అని పెట్టండి. మూడు పిన్నుల ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం ఉంచితే అది పూర్తి వేగంతో తిరుగుతుంది. "అన్నీ మీరు చెప్పినట్లే చేశాను" అంటూ తెచ్చిన యంత్రాల్లో నేను మొదట తెరిచి చూసేది ఈ ఒక్క వరుసనే.

తర్వాత ఎంత వేడికి ఎంత వేగమో పెట్టండి. నేను సాధారణంగా 50 డిగ్రీల వరకు 35 శాతం, 70 దగ్గర 60 శాతం, 85 దాటితే పూర్తి వేగం పెడతాను. మీ యంత్రాన్ని బట్టి దీన్ని సవరించుకోండి. మూడు పిన్నుల ఫ్యాన్‌ను మరీ తగ్గిస్తే మొదలవడానికి తగిన వోల్టేజీ అందక నిలిచిపోతుంది. కాబట్టి అమరిక మార్చిన తర్వాత ఒకసారి పూర్తిగా ఆపి, మళ్లీ వేసి, ఫ్యాన్ తనంతట తాను కదిలిందో లేదో కళ్లతో చూడండి.

ఫ్యాన్ ఊపిరి తీసినట్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, నిలకడగా ఉన్న మోతకన్నా అదే ఎక్కువ విసుగు పుట్టిస్తుంది. బయాస్‌లో స్టెప్ అప్ టైమ్ అనో, స్మూతింగ్ అనో ఉండే వరుసలో కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే ఇది పోతుంది.

9. ఫలితం సరిచూసుకోండి

పక్కతలుపు మూసి, మరలు బిగించి, మీరు రోజూ కూర్చునే చోటునుంచే వినండి. తలుపు తీసి విన్నది లెక్కలోకి రాదు. ఫోన్‌లో డెసిబెల్ చూపే యాప్‌ను పాత ఫ్యాన్‌కూ కొత్త ఫ్యాన్‌కూ ఒకే చోట పెట్టి పోల్చడానికి వాడవచ్చు. అది చూపే అంకెను డబ్బా మీది అంకెతో పోల్చకండి.

ఇక వేడి సంగతి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాం పెట్టుకొని, లినక్స్ వాడేవాళ్లు ఎల్ఎం-సెన్సర్స్ పెట్టుకొని, మీరు చేసే వాటిలో అన్నిటికన్నా బరువైన పనిని అరగంట నడపండి. మాకైతే వీడియో ఎక్స్‌పోర్టు. అప్పుడు ప్రాసెసర్ వేడి ఎంతో, గదిలో థర్మామీటరు ఎంత చూపుతోందో రెండూ రాసుకోండి. ఫ్యాన్ ఏదైనా గది గాలికన్నా చల్లగా చేయలేదు కాబట్టి చూడవలసింది ఈ రెండింటి తేడాను. జనవరిలో గది 22 డిగ్రీలు, ప్రాసెసర్ 64 డిగ్రీలు అయితే తేడా 42. అదే యంత్రం మే నెలలో 36 డిగ్రీల గదిలో 78కి వస్తుంది, అందులో ఫ్యాన్ తప్పేమీ లేదు. తేడా 42 నుంచి 50 దాటిందంటే దుమ్మో, పేస్టో, తిరగబడిన ఫ్యానో ఉందని వెతకండి. బరువైన పనిలో 85 లోపల నిలిస్తే మంచిది. 95 దగ్గరికి వెళ్తుంటే నిశ్శబ్దాన్ని కొంత వదులుకొని వేగం పెంచవలసిందే.

గాలి దిక్కు సరిపోయిందో లేదో చూడటానికి వార్తాపత్రిక అంచు నుంచి సన్నని పేలిక చించి కేబినెట్ వెనుక జాలీ దగ్గర పట్టుకోండి. పేలిక మీవైపు ఎగరాలి. జాలీకి అతుక్కుంటే వెనుక ఫ్యాన్ తిరగబడి ఉంది.

వారంలోపు కొత్త ఫ్యాన్ నుంచి గరగర మొదలైతే నూనె వేసే ప్రయత్నం చేయకండి, స్టిక్కర్ ఊడదీస్తే మార్చి ఇవ్వడానికి దుకాణదారు ఒప్పుకోకపోవచ్చు. బిల్లుతో సహా తిప్పి ఇవ్వండి.

చివరగా, కేబినెట్ పక్కతలుపు లోపలివైపు చిన్న కాగితం అంటించి, ఫ్యాన్ వేసిన తేదీ, ఏ హెడర్‌కు తగిలించారో, గది వేడికీ ప్రాసెసర్ వేడికీ ఆ రోజు ఉన్న తేడా ఎంతో రాసిపెట్టండి. మూడు నెలలకొకసారి దుమ్ము దులిపినప్పుడు ఆ తేడాను మళ్లీ కొలిచి పక్కనే రాయండి. మా యంత్రం తలుపు మీద ఇప్పటికి ఏడు వరుసలున్నాయి.